ప్రైమర్ కొట్టిన వ్యాను, ముసురు పట్టిన దసరా

మొన్న మా ఫ్యాక్టరీలో ఒక కారు తలుపు మీద రంగు బొబ్బలెక్కింది. పెయింటింగ్ విభాగంలో నేను చేరి ఇంకా ఏడాది కాలేదు. మా పై ఇంజనీరు ఆ తలుపును ఊడదీయించి, బల్ల మీద పడుకోబెట్టి, కొత్తవాళ్ళందరినీ చుట్టూ నిలబెట్టి కారణాలు చెప్పమన్నాడు. గాలిలో తేమ అన్నారు ఒకరు. కంప్రెసర్ గొట్టంలో నీళ్ళు అన్నారు ఇంకొకరు. అడుగు పొరగా వేసే ప్రైమర్ ఆరకముందే రంగు కొట్టారు అన్నాడు మరొకతను. అన్నీ పుస్తకంలో ఉన్న జవాబులే, అన్నీ సరైనవే. నా వంతు వచ్చేసరికి నేను ఆ బొబ్బల వరసనే చూస్తున్నాను. అవి చెల్లాచెదురుగా లేవు. కింద ఒకచోట గుమిగూడి, అక్కడి నుంచి పైకి పాయలుగా చీలిపోయాయి.

"ఎవరో చెయ్యి పెట్టారు సార్," అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన మాత్రం వంగి చూసి, "అవును, గ్లౌజు లేకుండా," అన్నాడు.

ఆ సాయంత్రం దాకా నా ముక్కులో ప్రైమర్ వాసన, దానితో కలిసి బన్ను వాసన ఉండిపోయాయి. మా ఫ్యాక్టరీ దరిదాపుల్లో బేకరీ లేదు. ఆ రెండు వాసనలూ కలిసి ఉన్న చోటు నాకు ఒక్కటే తెలుసు.

అది బెంగుళూరు శివార్లలోని అత్తిబెలెలో, హైవే దిగి లోపలికి తిరిగే మట్టిరోడ్డు మీద మా నాయన షెడ్డు. పైన రేకులు, ముందు రెండు రెక్కల ఇనుప తలుపు, వెనక రెండు గదుల్లో మా కాపురం. చెక్‌పోస్టు దగ్గర ఆగిన లారీల డీజిలు పొగ పొద్దున్నే వచ్చేది. ఆ తర్వాత మా షెడ్డులోంచి, రంగు పలచన చేసే తిన్నర్ వాసన. ఆ తర్వాత పక్క బేకరీ బట్టీలోంచి మొదటి వాయి బన్నుల వాసన. మా గోడా వాళ్ళ గోడా ఒకటే. అమ్మ చపాతీలు చేసిన రోజు కూడా నాకు బన్నులు తిన్నట్టే ఉండేది.

నాయన బండ్లకు రంగులు కొట్టేవాడు. కార్లు, టెంపోలు, ఆటోలు, ఒకసారి ఐస్‌క్రీమ్ బండి. పని వరస నాకు పలక పట్టక ముందే కంఠతా వచ్చు. సొట్టలు తీయడం, గుంటలు పూడ్చే లప్పం పెట్టడం, ఉప్పుకాగితంతో రుద్దడం, ప్రైమర్ కొట్టడం, మళ్ళీ సన్నగా రుద్దడం, చివరికి రంగు. వరస కంఠతా వచ్చినంత మాత్రాన అర్థమయిందని కాదు. లప్పం రుద్దేటప్పుడు నాయన మగ్గుతో నీళ్ళు పోస్తూనే ఉండేవాడు, షెడ్డంతా బూడిద రంగు బురద అయ్యేది. ప్రైమర్ పడిన మరుక్షణం నుంచి అదే బండి మీద నీటి చుక్క పడితే ఇల్లు పీకి పందిరేసేవాడు.

"నిన్న నువ్వే కదా నాయనా బక్కెట్లు బక్కెట్లు పోస్తివి?" అని ఒకసారి అడిగాను.

"నిన్న లప్పం. ఈ పొద్దు ప్రైమర్."

"అంటే?"

"అంటే ఈ పొద్దు పొయ్యగూడదు. పో, చదువుకోపో."

నేను చదువుకోలేదు. బేకరీ గాజు అల్మరా దగ్గరికి వెళ్ళి, గాజు మీద నోటితో ఆవిరి ఊది, దాని మీద వేలితో గీతలు గీశాను. బేకరీ ఆయన అరిచాడు. తిరిగి వచ్చి, ప్రైమర్ కొట్టిన బండి రేకు మీద కూడా అలాగే ఊదాను. గాజు మీద తెల్లగా నిలిచిన ఆవిరి ఇక్కడ నిలవలేదు. ఒక్క క్షణం రేకు నల్లబడి, మళ్ళీ మామూలు బూడిద రంగుకు వచ్చేసింది.

"చూడు నాయనా, వెంటనే ఆరిపోయింది!"

నెత్తిన ఒక మొట్టికాయ పడింది. "ఆరిపోలేదురా, తాగేసింది. రంగు కొట్టినాక లోపల ఉన్నెదంతా బయటికి రావాలని చూస్తాది. రానీకి దారి లేక పైకి లేస్తాది."

నాకు సగం అర్థమయింది. కనపడని నీళ్ళు ఎక్కడో కూచుని ఉంటాయనే సగం. ఆ సగంతో చాలా రోజులు భయపడ్డాను. తలస్నానం చేశాక నా ఒంట్లోకి కూడా నీళ్ళు పోయుంటాయేమోనని.

ఆ ఏడాది దసరా ముందు సారు వ్యాను వచ్చింది. సారు అంటే బడిలో సారు కాదు. కడప పక్కాయన, మాకు దగ్గర్లోని హెబ్బగోడిలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసేవాడు. అక్కడి కూలీలంతా సారు అనేవాళ్ళు గనక మేమూ సారు అన్నాం. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చేతిలో ఉన్నదంతా పెట్టి ఒక పాత వ్యాను కొన్నాడు. దాని తలుపులు గాలికి ఊగేవి, అడుగు రేకు నుంచి రోడ్డు కనపడేది. ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు ఆయనకు మాట ఇచ్చారు. దసరా సెలవులయి స్కూలు తెరిచే రోజు పొద్దున పసుపు రంగు వ్యాను గేటు ముందు నిలబెడితే, హెబ్బగోడి వైపు పిల్లలందరూ ఆయన వ్యాను ఎక్కుతారు. నిలబెట్టకపోతే ఇంకొకాయన వ్యాను తయారుగా ఉంది.

"ఇది తప్పిపోతే మళ్ళీ ఊరికి పోవాల్సిందే అప్పా," అన్నాడు సారు మా నాయనతో, వ్యాను మూతి మీద తట్టుతూ. "ఊర్లో మాకేముండాది? ఏమీ లేదు."

"తప్పదులే సార్," అన్నాడు నాయన.

లప్పం అయింది, ప్రైమర్ అయింది. ఆ మధ్యాహ్నమే ముసురు పట్టుకుంది.

బెంగుళూరు ముసురు మీకు తెలిసే ఉంటుంది. వానలా కురవదు, ఆగదు, గొడుగు విప్పితే సిగ్గనిపించేంత సన్నగా పడుతుంది. ఉప్పు డబ్బాలో ఉప్పు ముద్దవుతుంది, అగ్గిపెట్టె అంటుకోదు. అట్లాంటి గాలి మధ్య ఒక పచ్చి వ్యానును పొడిగా ఉంచాలి. నాయన పెట్టిన నియమాలు ఇప్పటికీ చెప్పగలను. షెడ్డులో తడి బట్టలు ఆరవేయకూడదు. నేల చిమ్మవచ్చు, కళ్ళాపి చల్లకూడదు. బయటి నుంచి వచ్చినవాళ్ళు గొడుగు గేటు దగ్గరే దులపాలి. పొద్దున పొగమంచు పోయేదాకా ఇనుప తలుపు తీయకూడదు. వ్యానును తడి చేత్తో ముట్టుకోకూడదు, పొడి చేత్తో కూడా ఊరికే ముట్టుకోకూడదు.

పట్ట సంగతి ఇంకా వింత. రేకుల సందుల్లోంచి తుంపర పడుతోందని అమ్మ పాపం పెద్ద టార్పాలిన్ పట్ట తెచ్చి వ్యాను మీద పరిచింది. నాయన చూసి కేక పెట్టాడు.

"ఎవురు కప్పినారు దీన్ని? చెమట పడ్తాదే!"

"కప్పకపోతే తడుస్తాదని నువ్వే కదా అంటివి?" అంది అమ్మ.

"కప్పాల. ఆనించి కప్పకూడదు."

"కప్పాలంటావు, కప్పొద్దంటావు. నీకు రేకు తగిలినా కోపమే, తగలకపోయినా కోపమే."

చివరికి నాలుగు వైపులా బొంగులు పాతి, పట్టను వ్యానుకు పైన పందిరిలా కట్టాడు. గాలి ఆడాలట, నీళ్ళు పడకూడదట. లోపల కుంపటి పెట్టమన్నాడు. అవ్వ, అంటే మా నాయనమ్మ, సంతోషంగా కుంపటి రాజేసి, అందులో సాంబ్రాణి వేయబోయింది.

"మా, పొగ వద్దు! జిడ్డు పడ్తాది!" అని అరిచాడు నాయన.

"బాలింత బిడ్డకు వేస్తే పడని జిడ్డు దీనికి పడ్తాదా?" అంది అవ్వ. ఆమెకు ఆ వ్యాను మీద అలాంటి ప్రేమే ఉండేది. పచ్చి ఒళ్ళు అనేది దాన్ని. గాలి తగలనీయొద్దు, కానీ ఊపిరాడనీయాలి. వెచ్చగా ఉంచాలి, కానీ కాల్చకూడదు. నాయన చెప్పేదీ అదే గదా అని నాకు అనిపించింది. మరి ఇద్దరూ ఎందుకు పోట్లాడుకుంటారో తెలిసేది కాదు.

రోజూ పొద్దున నాయన వ్యాను దగ్గరికి వెళ్ళి, డ్రైవరు వైపు తలుపుకు తన చెంప ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవాడు.

"చేతికి తెలీదురా," అని చెప్పాడు నాకు. "తిన్నర్‌తో చేతులు మొద్దుబారి పోయినాయి. చెంపకు తెలుస్తాది. సల్లగా పట్టుకుంటే తడి ఉన్నట్టు. ఊరికే సల్లగా ఉండి వదిలేస్తే పొడి."

నేనూ నా చెంపను ఇంటి గోడకు, బిందెకు, పలకకు ఆనించి చూసుకున్నాను. అన్నీ చల్లగానే ఉన్నాయి. ఏది పట్టుకుంటోందో, ఏది వదిలేస్తోందో నాకు తెలియలేదు.

ఇంతలో ఆయుధ పూజ వచ్చింది. బెంగుళూరులో షెడ్డు ఉన్నవాడికి అంతకు మించిన పండగ లేదు. కంప్రెసరుకు, రంగు చల్లే గన్నులకు, సుత్తులకు, నాయన స్కూటరుకు విభూతి గీతలు, గంధం, కుంకుమ, బంతిపూల దండలు. బొరుగులు, పుట్నాలు, బెల్లం, కొబ్బరి ముక్కలు కలిపి పెద్ద బేసిన్లోకి ఎత్తేవాళ్ళు. దారిన పోయే ఎవరికైనా దోసిట్లో పోయాల్సిందే. గేటు ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టడం నాయన పని. లోపల పోసిన కుంకుమతో ఎర్రబడిన ముక్కలు మట్టిరోడ్డంతా ఎగిరేవి, లారీ వాళ్ళు తొక్కకుండా పక్కకు తిప్పుకుని పోయేవాళ్ళు.

వ్యాను మాత్రం పట్ట పందిరి కింద బూడిద రంగులో బోడిగా నిలబడి ఉంది.

"షెడ్డులో ఉన్న బండికి పూజ లేకుండా వదిలేస్తారా ఎవురైనా?" అంది అవ్వ.

"ముట్టొద్దు మా. రంగు పడినాక నీ ఇష్టం. అయినా సారు వాళ్ళది చర్చి గదా, ఆయన్నడక్కుండా ఎట్ల పెడ్తావు?"

"ఆయన చర్చికి పోతాడు. వ్యాను పోతాదా?"

నాయన గుమ్మడికాయ చంకన పెట్టుకుని గేటు వైపు నడిచాడు.

సారు ఆ రోజు గొడుగు వేసుకుని, బిస్కట్ల డబ్బా ఒకటి పట్టుకుని వచ్చాడు. గొడుగు గేటు దగ్గరే దులిపాడు. బొరుగులు తిన్నాడు, బెల్లం అంటిన చేతులు కొళాయి దగ్గర కడుక్కున్నాడు, కర్చీఫుతో తుడుచుకున్నాడు. తర్వాత మొహమాటంగా అడిగాడు.

"మీ పూజ అయింది కదప్పా. నేనూ ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుంటా."

"అయ్యో, చేసుకోండి సార్. అదేం మాట," అన్నాడు నాయన. దూరంగా నిలబడి చేసుకుంటాడనుకున్నాడు పాపం.

సారు తిన్నగా పందిరి కిందికి పోయి, బానెట్ మీద అరచెయ్యి మొత్తం పరిచి, కళ్ళు మూసుకున్నాడు. నాయన కాలు ఒక అడుగు ముందుకు పడి ఆగిపోయింది. చెయ్యి సగం లేచి గాల్లో ఉండిపోయింది. ప్రార్థన ఒక్క నిమిషంలో అయ్యేది కాదు. వ్యాను చక్రాలను, బ్రేకులను, ఎక్కబోయే పిల్లలను, హైవే దాటే చోటును, అన్నింటినీ ఆయన పేరుపేరునా దేవుడికి అప్పజెప్పాడు. చివరికి, "ఈ షెడ్డును, ఈ తమ్ముని చేతులను దీవించు తండ్రీ," అన్నాడు. తన చేతులనే దీవిస్తున్న మనిషిని చెయ్యి తీయమని ఎలా చెప్పడం? నాయన తల వంచుకున్నాడు. సారు వెళ్ళాక మాత్రం పొడిగుడ్డ తీసుకుని బానెట్‌ను తుడిచిందే తుడిచాడు.

మరునాడు విజయదశమి. ముసురు తెరిపి ఇచ్చింది. నాయన చెంప ఆనించి చూసి, తల ఊపి, గన్ను పట్టాడు. పసుపు రంగు. షెడ్డంతా వెలుగొచ్చినట్టయింది. మేమంతా గుడ్డలు ముక్కులకు కట్టుకుని చూశాం. అవ్వ వేళ్ళు విరిచి దిష్టి తీసింది. సారు వచ్చి చూసి, నాయన భుజం గట్టిగా పట్టుకున్నాడు.

రెండో రోజు ఎండ వచ్చింది. అంత ముసురు తర్వాత వచ్చిన ఎండ. వ్యానును బయటికి తోశాం. అందరం సంతోషించాం. ఆ ఎండే మమ్మల్ని పట్టించింది.

మొదట చూసింది అమ్మ. ఆమె పిలిచిన తీరుకు నేను పలక పడేసి పరిగెత్తాను. పసుపు బానెట్ మీద చిన్న చిన్న బొబ్బలు. కాస్త వెనక్కి జరిగి చూస్తే అవి బొబ్బలు కావు, చెయ్యి. అరచెయ్యి, నాలుగు వేళ్ళు, పక్కకు చాచిన బొటనవేలు. సారు అప్పుడే గేటు దాటి వస్తున్నాడు. చూసి, తన చేతిని తానే తిప్పి చూసుకున్నాడు.

"నేను తుడుచుకుని పెట్టినానే!" అన్నాడు.

"కొళాయి నీళ్ళు సార్. చెమట. బెల్లం," అన్నాడు నాయన నీరసంగా.

అవ్వ, "వెనక తలుపు కూడా ఒకతూరి చూడండి," అంది.

వెనక తలుపు మీద మూడు అడ్డగీతలు, మధ్యలో గుండ్రటి బొట్టు. రంగు లోపలి నుంచి ఎవరో పొడిచి లేపినట్టు స్పష్టంగా.

"మా! నువ్వా?"

"నువ్వు గేటు కాడ గుమ్మడికాయ కొడ్తాంటే పెట్టినా. ఏం? హారతి అయినాక కొంగుతో తుడిచేసినా గదా. ఎవురికైనా కనపడిందా?"

"ఇప్పుడు కనపడ్తాంది!"

"అయితే నీ రంగుదే తప్పు," అంది అవ్వ.

నాయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. వానను రానీయలేదు, మంచును రానీయలేదు, పట్ట చెమటను రానీయలేదు. ఇది ఎటు నుంచి వచ్చింది? నాకూ అదే ప్రశ్న. వ్యానుకు చెడు చేయాలని ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. మంచి కోరి పెట్టిన చోటే లేచింది, మిగతా అంతా నున్నగా ఉంది. ఇదేం లెక్క?

"ఇది ఎవురిదో?" అంది అమ్మ.

ఆమె డ్రైవరు తలుపు దగ్గర నిలబడి ఉంది. అక్కడ కోడిగుడ్డు ఆకారంలో పెద్ద మచ్చ, నిండా సన్నటి బొబ్బలు. చెయ్యీ కాదు, గీతా కాదు. నాయన దగ్గరికి వచ్చి, వేలితో తడిమి, "ఇక్కడ ఎవురూ ముట్టలేదే," అన్నాడు. అమ్మ ఆయన ఎత్తును, మచ్చ ఎత్తును మార్చి మార్చి చూసింది.

"ఒకతూరి ఒంగు."

"ఎందుకు?"

"ఒంగప్పా!"

నాయన వంగాడు. అమ్మ ఆయన తల పట్టుకుని తలుపు వైపు తిప్పింది. చెంప సరిగ్గా మచ్చ మీద కూచుంది.

"రోజూ పొద్దున్నే కొబ్బరినూనె తల, చెమట మొగం తెచ్చి ఆనిస్తివి కదా," అంది అమ్మ, నవ్వు ఆపుకోలేక. "అందరికన్నా ఎక్కువ ముట్టింది నువ్వే!"

అవ్వ పకపకా నవ్వింది. సారు కూడా నవ్వు మొదలుపెట్టి, దగ్గుతో ఆపాడు. నాయన వంగినవాడు వంగినట్టే మెల్లగా మట్టిలో కూలబడ్డాడు. ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. రెండింటికీ భుజాలు ఒకేలా ఊగుతాయి.

నవ్వు అయిపోయాక భయం వచ్చింది. స్కూలు తెరవడానికి ఇంకా వారం కూడా లేదు. తూర్పున మళ్ళీ మబ్బు కమ్ముతోంది.

"ఇట్లే ఉండనీ అప్పా. దూరం నుంచి ఎవరికి తెలుస్తాది?" అన్నాడు సారు.

"బొబ్బ పగిలి నీళ్ళు పోతాయి సార్. లోపల తుప్పు తింటాది."

"అయితే పైన ఇంకో కోటు కొట్టు."

"దాని మీద కొడితే అదీ లేస్తాది. రుద్ది, రేకు దాకా తీసి, మళ్ళీ ప్రైమర్ వేసి, ఆరనిచ్చి..."

"ఆరేదెప్పుడు? ఆకాశం చూడు!" సారు గొంతు మొదటిసారి పెద్దదయింది. "రెండు నెలలు నిలిస్తే చాలప్పా నాకు. నీకు పని మంచిగా రావాల. నాకు ఆ పొద్దు గేటు ముందర వ్యాను నిలబడాల."

"రెండు నెలలకు ఊడొస్తే అదే గేటు ముందర ఏం చెప్తారు సార్?"

ఇద్దరూ చెప్పింది నిజమే. ఒక లెక్కకు రెండు సరైన జవాబులు ఉండగూడదని మా బడిలో చెప్పారు. నేను ఇద్దరి మొహాలూ చూస్తూ నిలబడ్డాను. చివరికి సారే కిందికి చూసి, "కానీ అప్పా. రుద్దుదాం," అన్నాడు.

రుద్దడం దగ్గర మళ్ళీ ఆగింది. నాయన తన చెంప మచ్చను తానే రుద్దేశాడు, ఉప్పుకాగితం పొడిగా పట్టి, కసిగా. వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆడలేదు. విభూతి గీతలను ఉప్పుకాగితంతో గీకడమా? అవ్వ వైపు చూశాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. బానెట్ దగ్గర సారు కాగితం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. ప్రార్థన చేసిన చేతి గుర్తును తన చేత్తోనే చెరపడానికి ఆయనకు మనసు రావడం లేదు.

అవ్వే లేచింది. సారు చేతిలో కాగితం తీసుకుంది.

"నీకు పాపమైతే నాకు కాదు కదప్పా. నేను రుద్దుతా. నువ్వు పోయి వెనక రుద్దు."

"మీ దేవుడు గదా అవ్వా, నేనెట్ల..."

"కండ్లు మూసుకుని రుద్దు. నేనూ అట్లే రుద్దుతా."

అలా మా అవ్వ సారు ప్రార్థనను, సారు మా అవ్వ విభూతిని గీకేశారు. గీకుతున్నంతసేపూ అవ్వ ఏదో గొణుగుతూనే ఉంది. ఎవరికి క్షమాపణ చెబుతోందో అడిగితే, "ఆయనకే, ఇంకెవురికి?" అంది. ఏ ఆయనకో చెప్పలేదు.

కొత్త ప్రైమర్ పడేసరికి ముసురు మళ్ళీ దిగింది. ఈసారి కుంపటికి ఆరేలా లేదు. అప్పుడు నాయన మా ఉమ్మడి గోడ వైపు చూశాడు. బేకరీ బట్టీ వెనక కట్టెలు పెట్టుకునే పాక ఒకటి ఉంది. ఊరంతా చెమ్మగిల్లినా ఆ పాకలో కట్టెలు గలగలలాడేవి.

బేకరీ ఆయన హాసను పక్క కన్నడ మనిషి. వ్యానును తన పాకలోకి తోస్తామంటే నోరు తెరిచాడు. "ఏన్రీ, నా బ్రెడ్డుకు నీ పెయింటు వాసన పట్టితే ఎవురు తింటారు?"

"పెయింటు కొట్టేది మా షెడ్డులోనే. ప్రైమర్ వాసన ఇప్పటికే పోయింది. నీ పాకలో ఊరికే ఆరతాది, అంతే," అన్నాడు నాయన.

"పిల్లల వ్యాను," అన్నాడు సారు.

బేకరీ ఆయన వ్యానును చుట్టూ ఒకసారి చూశాడు. "తోయండి మరి. కానీ ముందే చెప్తున్నా, ఎవురూ దానికి బొట్లూ గిట్లూ పెట్టకూడదు." మా కథ వీధంతా తెలిసిపోయిందన్నమాట.

స్కూలు తెరిచే ముందు రోజు దాకా వ్యాను కట్టెల మధ్య ఉంది. బడికి సెలవులే గనక నేను పగలంతా అక్కడే. వెచ్చటి గోడ, పిండి పులిసిన వాసన, వేడి రేకు పళ్ళేలు జారే చప్పుడు. కొబ్బరి కూరిన దిల్‌పసందుల మాడిన అంచులు, కారా బన్నుల ముక్కలు నాకే దక్కేవి. తినే ముందు చేతులు వెనక్కి కట్టుకుని వ్యానుకు దూరంగా నిలబడేవాణ్ణి. తిన్నాక ఇంకా దూరంగా. నాయన పొద్దున్నే అలవాటుగా వచ్చి, చెంప ఆనించబోయి, గుర్తొచ్చి, ఆగిపోయేవాడు. తర్వాత ఊరికే నిలబడి చూసేవాడు. ఆరిందో లేదో ఎలా తెలుసుకున్నాడో నాకు తెలియదు. అడిగితే, "ఆరింటాది," అన్నాడు. అంత అనుమానంగా ఆయన మాట్లాడడం నేను వినలేదు.

స్కూలు తెరిచే ముందు రోజు మధ్యాహ్నం వ్యానును మళ్ళీ మా షెడ్డులోకి తోసి, కుంపటి ఆర్పేసి, తలుపులు తెరిచి, మచ్చలు పోయిన చోట్ల పసుపు కొట్టాడు. ఎక్కడ అతుకు పడిందో కనపడలేదు.

మరునాడు పొద్దున సారు మమ్మల్ని కూడా వ్యానులో ఎక్కించుకున్నాడు. లోపల బన్నుల వాసన. స్కూలు గేటు ముందు సారు ఇస్త్రీ చొక్కాలో నిటారుగా నిలబడ్డాడు. హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. తలుపు గడియ లాగి చూసింది. సీట్ల కింద చూసింది. టైర్లు చూసింది. పిల్లలు చేతులు బయట పెట్టకుండా కిటికీలకు కమ్మీలు ఉన్నాయా అని చూసింది. బానెట్‌ను చూడలేదు, వెనక తలుపును చూడలేదు. రంగు గురించి ఒక్క మాట అనలేదు.

"సాయంత్రం నుంచే పిల్లల్ని తీసుకెళ్ళండి," అని లోపలికి పోయింది.

సారు అక్కడే గేటు కమ్మీ పట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. నాయన మాత్రం ఆమె పోయిన వైపే చూస్తున్నాడు. "రంగు చూడనే లేదే," అన్నాడు నాతో, నేనేదో జవాబు చెప్పగలనన్నట్టు.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మాదీ, బేకరీదీ కలిసే పోయాయి. ఆ ఉమ్మడి గోడ చివరిదాకా నిలిచిందని అమ్మ అంటుంది. అవ్వ లేదు. సారు ఆ వ్యానును నేను కాలేజీకి పోయేదాకా నడిపాడు. చదువులో తేమ గురించి, పొరల గురించి, రేకుకు రంగుకు మధ్య ఏం జరుగుతుందో అన్నీ చదువుకున్నాను. ఆ మూడు మచ్చలు ఎందుకు లేచాయో పరీక్షలో అడిగితే పేజీలు రాయగలను. అవి అక్కడే ఎందుకు లేచాయన్నది మాత్రం, రాసిన పేజీలన్నీ చూపించినా, మా అవ్వ ఉంటే ఒప్పుకునేది కాదు. ఆమె ఒప్పుకోనిది నాకూ పూర్తిగా మింగుడు పడదు.

ఆ సాయంత్రం నాయనా నేనూ స్కూలు గేటు దగ్గర ఉన్నాం. బడి వదిలారు, సరిగ్గా అప్పుడే వాన మొదలయింది. ముసురు కాదు, పెద్ద చినుకుల వాన. పిల్లలు కేకలు వేస్తూ వ్యాను మీద పడ్డారు. తడిసిన చేతులు తలుపుల మీద, కిటికీల మీద, బానెట్ మీద, ఎక్కడ పడితే అక్కడ. నాయన అలవాటుగా ఒక అడుగు ముందుకు వేశాడు. ఎవరినీ అదిలించలేదు. పసుపు రేకు మీద పడిన నీళ్ళు నిలవకుండా ముత్యాల్లా జారిపోతుంటే నోరు కొద్దిగా తెరుచుకుని చూశాడు. ఆఖరి పిల్ల ఎక్కింది. సారు అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాడు, వానకు అందరూ ఎక్కారో లేదో తెలియడం లేదు. నాయన వానలోకి వెళ్ళి, బస్సు కండక్టర్ల మాదిరి, తన తడి అరచేత్తో వ్యాను పక్క రేకు మీద గట్టిగా చరిచాడు.

"రైట్ సార్, పోనీ!"